పని వెదకు లేవీయుడు

ధ్యాన భాగము: న్యాయాధిపతులు 17:7–13, 18:14–20



పరీక్షల ఫలితములు వెలువడిన దినములలో గ్రామ పాదిరి ఇంటి అరుగు ఖాళీగా నుండదు. బి.ఎడ్. ముగించిన యువతి వచ్చును. నర్సింగు ముగించిన యువతి వచ్చును. ఎం.ఏ. పట్టా పుచ్చుకొని మూడేండ్లుగా ఇంట కూర్చున్న యువకుని వెంటబెట్టుకొని అతని తండ్రి వచ్చును. "అయ్యగారూ, మిషను ఆసుపత్రిలో ఖాళీ ఏదైన ఉన్నదా? మన కాలేజీలో మీకు తెలిసినవారెవరైన ఉన్నారా? ఆ సేవాసంస్థవారు మనుష్యులను తీసికొనుచున్నారట, మీరొక ఉత్తరము వ్రాసి ఇచ్చెదరా?" సంఘము, సేవాసంస్థ, కళాశాల, ఈ మూడు వాకిండ్ల యెదుట మన పిల్లలు నిలువబడియున్నారు. ఈ నెల వారి విషయమై లేఖనము చెంత కొంతసేపు కూర్చుందము.

మన పిల్లలు ఎంతసేపును మిషను ఉద్యోగములకే ఎగబడుదురని కొందరు పరిహసింతురు. కారణము లేకపోలేదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు మాత్రమే ఇచ్చెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. క్రీస్తును అంగీకరించిన షెడ్యూల్డు కులములవారిని మన రాష్ట్రములలో బి.సి. 'సి' వర్గమున చేర్చి నూటికి ఒక్క స్థానము కేటాయించిరి. ఆ ఒక్క స్థానము కొరకు ఎందరు వరుసలో నిలిచియున్నారో మన సంఘపు పుస్తకములోని పేర్లు లెక్కించినయెడల తెలియును. కాబట్టి మిషను గుమ్మమున నిలిచిన యువకుని సోమరి యనవద్దు.

న్యాయాధిపతుల గ్రంథములో అట్టి యువకుడొకడు కనబడుచున్నాడు. బేత్లెహేము విడిచి, ఎక్కడ చోటు దొరకునో అక్కడ నివసింపవలెనని బయలుదేరిన లేవీయుడు. లేవీయునికి తన గోత్రపు పొలము లేదు. జనులు తెచ్చు దశమభాగమే అతని భోజనము. రాజు లేని కాలము, ఎవని యిష్టము వానిదైన కాలము. దేవుని మందిరమునకు తేవలసినది జనులు తెచ్చుచుండినయెడల ఈ పడుచువాడు మూట భుజమున వేసికొని ఎఫ్రాయిము మన్యము వరకు నడువవలసిన పని యేమున్నది? నిరుద్యోగికి బుద్ధి చెప్పుటకు ముందు, అతని వాటా ఎక్కడ ఆగినదో చూడవలెను.

అతడు మీకా ఇంటికి చేరెను. ఈ మీకా చరిత్ర మీరెరిగినదే. తల్లి దాచుకొన్న పదునొకండు వందల వెండి రూకలను దొంగిలించి, ఆమె శాపమునకు భయపడి తిరిగి ఇచ్చినవాడు. తల్లి ఆ వెండిని యెహోవాకు ప్రతిష్ఠించితిననెను. అందులో రెండువందల రూకలు కంసాలికి పోయినవి, వాటితో ఒక ప్రతిమ వచ్చినది. మీకా ఇంటిలోనే ఒక గుడి పెట్టి, తన కుమారులలో ఒకనిని యాజకునిగా నియమించుకొనెను. (కమిటీ పెద్ద తన కుమారునికే ఉద్యోగమిచ్చుట నిన్నటి ఆచారము కాదు సుమండీ!) తరువాత అర్హతగల లేవీయుడు దొరికెను. "మా యొద్ద ఉండుము, ఏటికి పది వెండి రూకలు, ఒక దుస్తు, భోజనము" అన్న భావముతో మీకా మాటలాడెను. లేవీయుడు ఒప్పుకొనెను.

ఇంతవరకు తప్పేమున్నది? జీతము మాటలాడుకొనుట పాపమా? కాదు. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువు తానే సెలవిచ్చెను (లూకా 10:7). నిజము చెప్పవలెనంటే, ఈ కాలమున అనేక సంస్థలు ఇచ్చు నియామక పత్రముకంటె మీకా మాటయే స్పష్టముగా నున్నది. ఎంత ఇచ్చునో, ఎప్పుడిచ్చునో, బట్ట యెవరిదో, అన్నమెవరిదో ముందుగానే చెప్పెను. "దేవుని పని గదా, జీతము మాట ఎందుకు?" అని మీకా అనలేదు. మనలో అనువారున్నారు.

కీడు మరియొక చోట నున్నది. 13వ వచనము చూడుడి. లేవీయుడు తనకు యాజకుడుగా దొరికెను గనుక ఇక యెహోవా తనకు మేలు చేయునని మీకా తలంచెను. పది రూకలకు అతడు కొన్నది ఒక మనుష్యుని పని కాదు, దేవుని ఆశీర్వాదము అనుకొనెను. లేవీయుని సంగతి చూతుమా, ఆ ఇంటిలో ప్రతిమ యేమి, గృహదేవతలేమి, ఈ వెండి ఎక్కడిది అని ఒక్క ప్రశ్న అడుగలేదు. చోటు దొరికెను, చాలును. తరువాతి అధ్యాయములో దానీయులు ఆరువందలమంది ఆయుధములతో వచ్చి, ఒక్కని ఇంటికి యాజకుడుగా నుండుట మేలా, ఒక గోత్రమంతటికి ఉండుట మేలా అని అడిగినప్పుడు అతని హృదయము సంతోషించెనని వ్రాయబడియున్నది. కుమారునివలె చూచుకొన్న మీకాను విడిచి, వాని ప్రతిమనే చంకబెట్టుకొని పోయెను. పెద్ద పోస్టు వచ్చెను గదా!

ఈ యోనాతాను మోషే సంతతివాడని 18వ అధ్యాయము చివర చెప్పబడినది. హెబ్రీ ప్రతులలో ఆ చోట మోషే పేరునకు పైభాగమున ఒక చిన్న అక్షరము చేర్చి, మనష్షే యని చదువునట్లు లేఖకులు వ్రాసిరి. మహాభక్తుని పేరునకు మచ్చ రాకుండ అట్లు చేసిరని పండితులు చెప్పుదురు. మా తాతగారు పాదిరి, మా నాయనగారు ఉపదేశి, కాబట్టి ఈ పోస్టు మాది యనువారు ఆ చిన్న అక్షరమును జ్ఞాపకముంచుకొనుట మంచిది.

మేము ఈ భాగమును ఎన్నుకొనుటకు ఒక హేతువున్నది. మేమెరిగిన ఒక తల్లి కొన్ని యేండ్ల క్రిందట అర ఎకరము పొలమును, మేకలను అమ్మి, ఆ సొమ్ము గుడ్డలో మూటగట్టి మా యొద్దకు తెచ్చెను. కుమారునికి ఒక పాఠశాలలో ఎయిడెడ్ పోస్టు ఇప్పించెదమని, అందుకు ఇంత కావలెనని చెప్పిరట. రేపు ఉదయము బస్సుకు తీసికొనిపోవుచున్నాను, మీరు ఈ మూట మీద చేయి వేసి ప్రార్థింపుడని ఆమె అడిగెను. ఎయిడెడ్ పోస్టు అనగా నియమించునది యాజమాన్యము, జీతమిచ్చునది ప్రభుత్వము. ఒకరి సొమ్మును మరియొకరు పంచిపెట్టు చోట వెల పుట్టుట సులభము. మేము ఆమె కుమారుని కొరకు ప్రార్థించితిమి, మూట మీద చేయి వేయలేదు. ఆమెకు కోపము వచ్చెను. "మీకు నెలకు జీతము వచ్చును గనుక మీకు తెలియదు" అనెను. ఆ మాటలో నిజము లేకపోలేదు. సొమ్ము పోయెను. పిల్లవాడు రెండేండ్లు పాఠము చెప్పెను, ఆమోదపు కాగితము రాలేదు, జీతము రాలేదు. ఇప్పుడు పట్టణములో సిమెంటు దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు.

కాగితము వచ్చియుండినయెడల సొమ్మిచ్చుట సరియే యగుననుకొనవద్దు. అప్పుడును అది గారడీ సీమోను మూటయే (అపొ. కా. 8:18–20). అయితే ఆ తల్లిని మేము సీమోనుతో పోల్చము. సీమోను అధికారము కొనగోరెను, ఆమె కుమారునికి అన్నము కొనగోరెను. అమ్మినవాని పాపమే పెద్దది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ సంస్థలను ఆ సహాయము వదలుకొని సిబ్బందిని తనకు అప్పగింపుమని కోరిన పిమ్మట అట్టి పోస్టులు మరింత అరుదైనవి. అరుదైన వస్తువు పేరు చెప్పి మోసగించువారు మాత్రము తగ్గలేదు. తల్లిదండ్రులారా, పోస్టు కొరకు విరాళమడిగిన చోటునుండి లేచి వచ్చివేయుడి.

అట్లయిన సంఘమున మనుష్యులను నియమించు సరియైన రీతి యేది? అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చదువుడి. యెరూషలేము సంఘములో ప్రతిదినము విధవరాండ్రకు భోజనము పంచుచుండిరి. గ్రీకు భాష మాటలాడువారు తమ విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని సణిగిరి. అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. ఏడుగురిని ఎన్నుకొనుడని సంఘమంతటికి చెప్పిరి. మంచిపేరు, ఆత్మ, జ్ఞానము అను అర్హతలను ముందుగానే అందరి యెదుట చాటిరి. ఎన్నిక గదిలోపల జరుగలేదు. ఎన్నికైనవారి పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే! ఎవరికి అన్యాయము జరిగినదో వారి పక్షమువారి చేతికే గరిటె అప్పగించిరి. మన సంస్థలలో ఏ కులమువారు, ఏ జిల్లావారు తమకు వాటా రాలేదని మొరపెట్టుచున్నారో, వారి చేతికి తాళపుచెవులు ఇచ్చుటకు మనకు ధైర్యమున్నదా? ఈ ప్రశ్న పెద్దలకు రుచింపదు. అయినను వ్రాయుచున్నాము.

ఇక మన దేశములోనే జరిగిన ఒక సంగతి చెప్పెదము. మన తాతలు ధాత కరువని చెప్పుకొనిన 1876–78 నాటి కరువులో ఒంగోలు ప్రాంతమున జనులు ఆకలికి పడిపోవుచుండగా, అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసికొనెను. మిషనరీ కాకమునుపు ఆయన భూముల సర్వే పని నేర్చినవాడు. ఆ విద్య ఇక్కడ అక్కరకు వచ్చినది. తన ఉపదేశులను మేస్త్రీలుగా నిలిపి, పలుగు పార పట్టగలవారందరికి పని చూపి కూలి ఇచ్చెను. వేలమంది బ్రదికిరి. అది ధర్మము, అది ఉద్యోగము కూడ.

ఆ పని చేయుచున్నవారిలో అనేకులు బాప్తిస్మము అడిగిరి. క్లౌ దొరగారు ఇవ్వలేదు. సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని ఇవ్వలేదు. కూలి కొరకు దేవుని యొద్దకు వచ్చిరను మాట పుట్టరాదు, కూలి పేరు చెప్పి దేవుని అమ్మితిమను మాటయు పుట్టరాదు. కరువు సహాయము ఆగి, ఇక ఇచ్చుటకు తన చేతిలో ఏమియు లేనప్పుడు, రండని పిలిచెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మన సభలలో గొప్పగా చెప్పుకొందుము. దాని వెనుకనున్న పదునైదు నెలల నిరీక్షణను చెప్పుకొనము. మా దృష్టికి ఆ నిరీక్షణయే గొప్పది. ఉద్యోగమిచ్చు చేతిని, ఆశీర్వదించు చేతిని ఆయన వేరుగా నుంచెను. మీకా ఇంటిలో ఆ రెండు చేతులు కలిసిపోయినవి.

ఇప్పుడు కళాశాల ఉద్యోగములను గూర్చి ఒక మాట. చదువుకొన్న పిల్లలు కొందరు, మిషను కాలేజీలో చేరినయెడల సేవ యగును గాని ప్రభుత్వ కళాశాలలో చేరిన సేవ కాదని తలంచుచున్నారు. విలియం కేరీని చూడుడి. చెప్పులు కుట్టుట నేర్చిన మనుష్యుడు. ఇండియాకు వచ్చిన తరువాత కొన్ని యేండ్లు నీలిమందు కర్మాగారమున మేనేజరు. 1801లో కలకత్తా ఫోర్టు విలియం కాలేజీలో బెంగాలీ భాష బోధించుటకు నియమింపబడెను. నెలకు 500 రూపాయలు. తరువాత ప్రొఫెసరై 1,000 రూపాయలు. ఆ కాలేజీ సంఘము స్థాపించినది కాదు, కంపెనీ దొరతనపు అధికారులకు దేశభాషలు నేర్పుటకు స్థాపింపబడినది. ఆయన ఆ జీతమును శ్రీరాంపూరులోని సహోదరుల ఉమ్మడి పెట్టెలో వేసెను. మార్ష్‌మన్ దంపతుల పాఠశాలల ఆదాయము, వార్డు ముద్రాయంత్రపు ఆదాయము అందులోనికే వచ్చెను. 1814లో మన తెలుగు భాషకు ఒక వ్యాకరణము కేరీ పేర అచ్చైనదని మీకు తెలియునా? 1818లో వారు స్థాపించిన శ్రీరాంపూరు కళాశాల పేరుతోనే నేటికిని మన వేదాంత పట్టాలు వచ్చుచున్నవి.

కాబట్టి లెక్చరరు కాగోరు యువతీ యువకులారా, బిషప్పుగారి ఉత్తరము కంటె ముందు చూచుకొనవలసినది వేరే యున్నది. యు.జి.సి. 2023లో నిర్ణయించిన ప్రకారము అసిస్టెంటు ప్రొఫెసరుకు నెట్, సెట్, స్లెట్ పరీక్షలలో ఒకటి కనీస అర్హత. మైనారిటీ కాలేజీ యని దాని కాగితము తక్కువ కాదు. రాజ్యాంగపు 30వ అధికరణము సంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు మనకిచ్చెనే గాని చదువురాని లెక్చరరును పెట్టుకొను హక్కు ఇవ్వలేదు. దానియేలు మూడేండ్లు కల్దీయుల విద్య నేర్చి, రాజు యెదుట పరీక్షకు నిలిచెను. ప్రార్థనాపరుడనని పరీక్ష తప్పించుకొనలేదు. వైద్యము చదువగోరువారు వెల్లూరు ఆసుపత్రి పద్ధతిని తెలిసికొనవలెను. సంఘము సిఫారసుతో అక్కడ చేరిన విద్యార్థి, చదువు ముగిసిన పిదప కొంతకాలము ఆ సంఘము చెప్పిన ఆసుపత్రిలో పని చేయుదునని ముందుగానే ఒప్పుకొనవలెను. ఆ ఒప్పందమును సంతకము వరకే గుర్తుంచుకొనువారిని దానీయుల వెంటపోయిన లేవీయుని ప్రక్కన కూర్చుండబెట్టవలెను.

సేవాసంస్థలలో చేరువారు మరియొకటి ఎరిగియుండవలెను. వారి పనులలో అనేకము రెండు మూడేండ్ల ప్రాజెక్టులు. సొమ్ము ఆగిన దినమున ఉద్యోగము ఆగును. విదేశీ విరాళముల చట్టమును 2020లో సవరించినప్పుడు, వచ్చిన సొమ్ములో కార్యాలయపు ఖర్చునకు వాడదగిన భాగమును నూటికి 50 నుండి 20కి తగ్గించిరి. ఒక సంస్థ ఆ సొమ్మును మరియొక సంస్థకు పంచి ఇచ్చుటను నిషేధించిరి. పెద్ద సంస్థనుండి కొంత పొంది నడచిన చిన్న సంస్థలు అందువలన మూతబడినవి. అందులో మన పిల్లలు పనిచేసినవియు నున్నవి. చేరవద్దని మా భావము కాదు. చేరుచున్నప్పుడు అడుగుడి: ఈ పని ఎన్ని నెలలు? సొమ్ము ఎక్కడిది? నియామక పత్రమున్నదా? ఇరువది మందికి తగ్గని సంస్థ ప్రావిడెంటు ఫండు కట్టవలెనని దేశములో నియమమున్నది, కట్టుచున్నారా? అడుగుట అవిశ్వాసము కాదు. లేవీయుడు అడుగనందుననే ప్రతిమ ముందు నిలువవలసి వచ్చెను.

చివరకు, పని ఇచ్చు మనలను గూర్చి. పొరుగువానిచేత ఊరక పని చేయించుకొని మేడ కట్టుకొను రాజుకు శ్రమ యని యిర్మీయా పలికెను (22:13). ఆ మేడ ప్రార్థనా మందిరమైనంత మాత్రమున మాట మారునా? నెహెమ్యా తిరిగి వచ్చి చూడగా లేవీయులకు రావలసిన పాళ్లు అందలేదు, వారు మందిరము విడిచి పొలములకు పోయిరి. వారికి భక్తి లేదని అతడు ప్రసంగింపలేదు. అధికారులను నిలదీసి, ధాన్యపు కొట్లకు నమ్మకస్థులను నియమించెను: యాజకుడైన షెలెమ్యా, శాస్త్రియైన సాదోకు, లేవీయుడైన పెదాయా, వారికి సహాయుడు హానాను (13:10–13). ఒక్కడు కాదు, నలుగురు.

సొమ్ము ఎక్కడనుండి వచ్చును? అందురు. అజరయ్యగారు వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పదవి విడిచి 1909లో తెలుగు రాని మిషనరీగా దోర్నకల్లు వచ్చెను. 1912లో అక్కడి బిషప్పయ్యెను. ఆయన సంఘములలో స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడెల్ల పిడికెడు బియ్యము కుండలో వేరుగా తీసియుంచి ఆదివారమున తెచ్చుచుండిరి. ఆ పిడికెళ్లతోనే సంఘ సేవకులను పోషించు అలవాటు పేదల మధ్య పెరిగినది.

మా సంఘ పెద్దలు పోయిన నెల కూడి ఒక తీర్మానము వ్రాసిరి. రాబోవు కోతల పండుగ కానుకలు ప్రహరీగోడకు ముట్టుకొనక మునుపు, ఉపదేశికి, బైబిలు స్త్రీకి, గుడి ఊడ్చి గంట కొట్టు తాతగారికి ఏడాది జీతము వేరుగా తీసి బ్యాంకులో వేయవలెను. తాతగారికి ఇంతవరకు పండుగకు కొలిచి ఇచ్చు ధాన్యమే. ఇకమీదట నెలకింతయని నిర్ణయమైనది. ముగ్గురు పెద్దలు, ఒక విధవరాలు కలిసి లెక్క చూచెదరు. ప్రతి నెల మొదటి ఆదివారమున ఆ లెక్క ఆరాధన ముగిసిన తరువాత గట్టిగా చదువబడును. చదువు వచ్చినవారెవరైనను పుస్తకము తీసికొని చూడవచ్చును.